తప్పువైపు గుండీలు

ఆటల కంపెనీ హక్కుల రక్షణ విభాగం వారికి,
దర్జీ పని చేసుకుని బతికే ఒక పెద్దమనిషి నమస్కరించి రాసుకుంటున్నది.

ముందుగా నేను దొంగను కాను. ఈ మాట మొదట్లోనే ఎందుకు చెబుతున్నానంటే, మీ ‘ఇనుపకోట’ ఆట నిన్న నన్ను మూడుసార్లు దొంగా అంది. అరవై రెండేళ్ళ వయసులో, నా దుకాణం వెనకగదిలో, ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని, అదీ మా వియ్యంకుడుగారి ఎదుట ఆ మాట పడ్డాను.

మీ ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ ఒక పరీక్ష పెడుతుంది కదా. పెట్టెలో ఇచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా వరుస, ఫలానా పదం ఏమిటో చెప్పమంటుంది. చెబితే కొనుక్కున్నవాళ్ళం, లేకపోతే దొంగలం. నేను కుట్టిన చొక్కా తొడుక్కునే ముందు రోజూ నాకు రసీదు చూపించమంటే జనం ఊరుకుంటారా? నా టేపు నా మెడకే చుడతారు. నాకు ఒళ్ళు మండుతుంది గానీ మా వియ్యంకుడుగారికి మాత్రం ఈ పరీక్షంటే ప్రాణం. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ళు రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరయ్యారు. “ఆటంటే ఇదండీ బావగారూ! టిక్కెట్టు లేనివాణ్ణి గుమ్మం తొక్కనివ్వదు” అని మురిసిపోతారు. పదం గట్టిగా చదివి, టిక్కెట్లకు చిల్లులు పెట్టే తన పాత పంచ్ జేబులోంచి తీసి, ఆ పేజీకి ఒక చిల్లు పెడతారు. తనిఖీ అయిందని గుర్తు.

నేను వద్దనలేదు. ఎందుకంటే, మా అమ్మాయిని వాళ్ళబ్బాయికిచ్చి ఆరేళ్ళయింది. ఆ పెళ్ళికి ఆయనకు నా చేత్తో నల్ల ఉన్నికోటు కుట్టిపెట్టాను. ఇంతవరకూ ఆయన ఒంటిమీద దాన్ని చూడలేదు. అడిగితే “చలి రాలేదండీ బావగారూ” అంటారు. ఆరు చలికాలాలు వచ్చిపోయాయి! ఆ కోటు మధ్యన పడి మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. చివరికి మా అమ్మాయి విసిగిపోయి, ఇద్దర్నీ ఒక కంప్యూటరు ముందు కూలేసి ఈ ఆట నేర్పింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మూడింటికి వస్తారు, ఐదింటిదాకా భుజం భుజం కలిపి శత్రువుల్ని కాలుస్తాం. ఆట ఆగితే మేం మళ్ళీ మూగవాళ్ళం. నా బాధ అదీ.

నిన్న మీ ఆట ఇరవైమూడో పేజీ, ఆరో వరుస, రెండో పదం అడిగింది. ఆ పదం ఉండాల్సిన చోట చిల్లుంది. ఊహించి మూడు పదాలు కొట్టాం. దొంగా దొంగా అని తాళం వేసుకుని కూర్చుంది. దయచేసి ఇంకో పుస్తకం పంపించండి.

ఇట్లు,
దర్జీ

తా.క.: ఎలాగూ కలం పట్టాను కనక ఇదీ అడుగుతాను. మీ హీరో తొమ్మిది తుపాకులు మోస్తాడు. కోటుకు జేబులు రెండే. మిగతావి ఎక్కడ పెట్టుకున్నాడు? కుట్టినవాణ్ణి ఒకసారి చూడాలనుంది.

* * *

శ్రీయుత వినియోగదారు గారికి,
హక్కుల రక్షణ విభాగం ఉప పరిశీలకుడు వ్రాయునది.

తమ ఉత్తరం అందినది. భద్రతా కారణాల వల్ల మా విభాగం ఉత్తరాల ద్వారా మాత్రమే మాట్లాడును. చిల్లులు పడిన పుస్తకానికి బదులు కొత్త పుస్తకం ఇచ్చుటకు నిబంధనలు ఒప్పుకోవు. అయితే తాము నిజమైన యజమాని అని రుజువైనచో, పోయిన పదమును మేమే తెలియజేయగలము.

నిజమైన యజమాని అని రుజువు చేసుకొనుటకు, ఇరవైమూడో పేజీ, ఆరో వరుస, రెండో పదమును వ్రాసి పంపగలరు.

ఇట్లు,
ఉప పరిశీలకుడు

తా.క.: జేబుల ఫిర్యాదును ఆట తయారుచేసిన విభాగానికి పంపితిమి. ఆ విభాగమును గత సంవత్సరం ఎత్తివేసినట్లు తెలిసినది.

* * *

ఉప పరిశీలకుడుగారికి,
దర్జీ నమస్కారాలు.

పోయిన పదం చెబితే పోయిన పదం చెబుతానన్నారు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్నట్టుంది మీ వరస.

మీ ఉత్తరం చదివి నేను చిందులు తొక్కుతుంటే, మా వియ్యంకుడుగారు మాత్రం “నిబంధన నిబంధనే కదండీ” అంటూ జేబులోంచి ఒక పిప్పరమెంటు డబ్బా తీశారు. ఆయన చిల్లు పెట్టినప్పుడు రాలిన ముక్క నేలమీద పడనివ్వరు. రైలుపెట్టె మురికవుతుందని ఉద్యోగంలో చేరిననాటి అలవాటట. మా పుస్తకం తాలూకు ముక్కలు నూట పన్నెండూ అందులోనే ఉన్నాయి. డబ్బా, పుస్తకం రెండూ పంపుతున్నాను. మీకు కావలసిన పదం అందులో ఎక్కడో ఉంది. వెతుక్కోండి.

ఇట్లు,
దొంగ కాని దర్జీ

తా.క.: ఆట ఆగింది కనక ఖాళీగా కూర్చుని మీ తప్పులు తలుచుకుంటున్నాను. కోటలో ఎక్కడ చూసినా నడుమెత్తు గోడలే. ఒక్కదానికీ పైకప్పు లేదు. ఎవరు కట్టారండీ, ఎందుకు కట్టారు? ప్రతి గదిలోనూ పేలిపోయే ఎర్రడ్రమ్ములు. పొయ్యి పక్కన కూడా! ఇక ఏడు గుళ్ళు తగిలినవాడు ఆ గోడ చాటున కాసేపు కూర్చుంటే నయమైపోతాడట. నేను ఇరవయ్యేళ్ళుగా గోడకానుకునే కుడుతున్నాను, నా మోకాలు ఇంతవరకూ నయం కాలేదు.

రెండో తా.క.: నాలుగో ఘట్టం రైల్లో జరుగుతుంది. దాన్ని మాత్రం మార్చండి. మా వియ్యంకుడుగారు అక్కడ తుపాకీ ముట్టరు. ఒక్కొక్క పెట్టే ఎక్కి శత్రు సైనికుల దగ్గరకెళ్ళి నిలబడతారు. వాళ్ళు కాలుస్తారు. “అడక్కుండానే గొడవకొస్తున్నారంటే వీళ్ళెవరి దగ్గరా టిక్కెట్టు లేదండీ బావగారూ” అంటారు.

* * *

దర్జీగారికి,
ఉప పరిశీలకుడి నమస్కారాలు.

డబ్బా అందింది. పై అధికారికి చెప్పకుండా, అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ఫ్యాను ఆపి, ముక్కలు బల్లమీద పోసుకున్నాను. ఒక ముక్క నా తుమ్ముకు ఎగిరి కిటికీలోంచి బయటపడింది. రెండంతస్తులు దిగి వెతికి తెచ్చాను. పదకొండు రోజులు పట్టింది. నూట పన్నెండు ముక్కలూ ఎక్కడివక్కడ అతికించాను. పుస్తకం ఇందులో జతపరిచాను. మీ ఆట తాళం కూడా తీయించాను.

ఇరవైమూడో పేజీ, ఆరో వరుస, రెండో పదం ‘ఓపిక’.

ఇట్లు,
ఉప పరిశీలకుడు

తా.క.: నేను పదకొండేళ్ళుగా ఈ ఆటకు కాపలా కాస్తున్నాను గానీ ఎప్పుడూ ఆడలేదు. మా విభాగానికి పుస్తకం ఇవ్వలేదు. ఆ రైల్లో చివరికి ఎవరి దగ్గరైనా టిక్కెట్టు దొరికిందా?

* * *

ఉప పరిశీలకుడుగారికి,
దర్జీ చేతులెత్తి మొక్కి రాస్తున్నది.

మీ కడుపు చల్లగా! ఆట తెరుచుకుంది. రైల్లో టిక్కెట్టు ఎవరి దగ్గరా దొరకలేదు, కాకపోతే వంటవాడొకడు చేతులెత్తేశాడు. మా వియ్యంకుడుగారు వాణ్ణి మందలించి వదిలేశారు. కోట ఎక్కాం, సేనాధిపతిని పడగొట్టాం, ఆఖరి తలుపు దగ్గరికి చేరాం. ఆయన ఆనందం పట్టలేక నా భుజం మీద ఒక్కటి చరిచారు. ఆరేళ్ళలో మొదటిసారి!

అయితే ఆ తలుపు తెరుచుకోవడం లేదు. కాల్చాం, తన్నాం, డ్రమ్ము దొర్లించి పేల్చాం. నాలుగు రోజులుగా దాని ముందే నిలబడి ఉన్నాం. ఏం చెయ్యాలో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
దర్జీ

తా.క.: ఇంతకాలం మర్యాదకని ఊరుకున్నాను, ఇక కడుపులో దాచుకోలేను. మొదటి బొమ్మలో నిలబడే మీ సేనాధిపతి కోటుకు గుండీలు తప్పువైపున్నాయి. మగవాడి కోటుకు వేసుకున్నవాడి కుడిచేతివైపు గుండీలు, ఎడమవైపు కాజాలు ఉంటాయి. మీవాడికి తారుమారు. అన్నం తినేవాడెవడైనా ఇలా కుడతాడా? నలభై ఏళ్ళలో నా చేతిమీదుగా ఒక్క కోటుకైనా గుండీ వైపు మారలేదు. మారిందని ఎవరైనా చూపిస్తే మళ్ళీ కత్తెర పట్టను.

* * *

వినియోగదారునికి,
హక్కుల రక్షణ విభాగం తెలియజేయునది.

తమ తాజా కలం మా విభాగాధిపతి చూచిరి. దొంగప్రతులను పట్టుకొనుటకు మేము ఆటలో ఒక రహస్య గుర్తు ఉంచితిమి. తాళం పగలగొట్టిన ప్రతిలో సేనాధిపతి గుండీలు తప్పువైపునకు మారును, ఆఖరి తలుపు ఎన్నటికీ తెరుచుకొనదు. కావున తమ వద్దనున్నది దొంగసరుకు. ఆడుట తక్షణం నిలిపివేయవలెను.

ఇట్లు,
విభాగాధిపతి తరఫున,
ఉప పరిశీలకుడు

తా.క.: ఇది ఆయన చెప్పగా రాసింది. ఈ వాక్యం ఒక్కటే నాది. నన్ను క్షమించండి.

* * *

అయ్యా,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు.

మీ ఉత్తరం వచ్చినప్పుడు మా వియ్యంకుడుగారు ఇక్కడే ఉన్నారు. తలుపు తెరిచే ఉపాయం రాశారనుకుని నేనే ఉత్సాహంగా పైకి చదివాను. ‘దొంగసరుకు’ దాకా చదివేశాను. ఆయన పంచ్ జేబులో వేసుకుని, “సరేనండీ బావగారూ” అని లేచి వెళ్ళిపోయారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు దొంగ ప్రయాణీకుల్ని దించేసిన మనిషికి, నేను దొంగ ఆట తెచ్చి కూర్చోబెట్టానట! ఆ ఆట నేను పెద్ద దుకాణంలో, గాజు బీరువాలోంచి తీయించి కొన్నాను. పెట్టె మీద అసలు సరుకని మీరు అంటించే మెరుపు ముద్ర కూడా ఉంది.

పన్నెండు రోజులైంది. మూడింటికి కుర్చీ వేస్తాను, ఐదింటికి తీసేస్తాను. నిన్న అమ్మాయి వచ్చి, మావగారు పొద్దున్నే ఒక సంచీ పట్టుకుని ఎక్కడికో బయల్దేరారని, ఎక్కడికో చెప్పలేదని అంది. నా ముఖం చూడవలసి వస్తుందని ఊరే వదిలారేమో. మీ గుండీలు తగలబడ! నాకు మీ తలుపు వద్దు, కోట వద్దు. నేను దొంగను కానని ఆయనకు ఒక్క ఉత్తరం ముక్క రాయండి, చాలు.

దర్జీ

తా.క.: ఏమీ లేదు.

* * *

దర్జీ బాబాయిగారికి,
ఉప పరిశీలకుడు నమస్కరించి రాస్తున్నది.

మీరు కంగారుపడకండి. మీ వియ్యంకుడుగారు నా ఎదురు కుర్చీలోనే ఉన్నారు. మంచినీళ్ళు తాగుతున్నారు.

నిన్న మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతుండగా, నల్ల ఉన్నికోటు మెడదాకా బిగించుకుని, చెమటతో తడిసి ముద్దై మా విభాగానికి వచ్చారు. నేరుగా విభాగాధిపతి బల్ల ముందు నిలబడి, “ఈ కోటు గుండీలు ఏ వైపున్నాయండీ?” అనడిగారు. విభాగాధిపతి చూశాడు. వేసుకున్నవాడి ఎడమచేతివైపున్నాయి.

“తప్పువైపే కదా! అయితే ఇది దొంగకోటా? మా బావగారు కొలత తీసి, గుడ్డ కత్తిరించి, తన చేత్తో కుట్టారు. ఇంతకన్నా అసలు సరుకు ఈ భూమ్మీద లేదు. గుండీ తప్పువైపుంటే మనిషి దొంగైపోతాడా? ఆ మాట వెనక్కి తీసుకోండి” అన్నారు. ఆ తర్వాత పంచ్ బయటికి తీసి, “ఇప్పుడు మీ టిక్కెట్టు చూపించండి” అన్నారు.

విభాగాధిపతి మా బీరువాలో ఉన్న ప్రతి తీసి వేశాడు. సేనాధిపతి గుండీలు తప్పువైపు. ఇంకోటి వేశాడు. తప్పువైపు. గోడౌనులోంచి ఒక పెట్టె తెప్పించాం. ఇరవైకి ఇరవై తప్పువైపే! అప్పుడు మా విభాగాధిపతి కుర్చీలో కూలబడి నిజం కక్కాడు. అసలు ప్రతిని ఎవరూ దొంగిలించకుండా ఇనప్పెట్టెలో పెట్టి, దానికి కూడా మన ఆట తాళమే వేయించారట. తెరవాలంటే పుస్తకంలో పదం చెప్పాలి. పుస్తకం కూడా ఇనప్పెట్టెలోనే ఉంది. గత్యంతరం లేక సంతలో ఒక దొంగప్రతి కొని, దానికి కొత్త తాళం వేసి, మెరుపు ముద్ర అంటించి, ఇన్నేళ్ళుగా అదే అమ్ముతున్నారు. దానితోపాటు వచ్చిన పుస్తకంలో చూసి ఇనప్పెట్టె తెరవచ్చని ఒక్కరికీ తోచలేదట.

మీ వియ్యంకుడుగారు ఇనప్పెట్టె దగ్గరికి నడిచారు. అది అడిగింది: ఇరవైమూడో పేజీ, ఆరో వరుస, రెండో పదం. నేను కళ్ళు మూసుకుని చెప్పగలను బాబాయిగారూ. పదకొండు రోజులు అతికించినవాణ్ణి. ‘ఓపిక’ అన్నాను. తెరుచుకుంది.

సాయంత్రందాకా ఇద్దరం అసలు ఆట ఆడుకుంటూ వెళ్ళాం. నేను ఆడటం ఇదే మొదలు. రైల్లో నేనూ తుపాకీ ముట్టలేదు. ఆఖరి తలుపు కిర్రుమని కదిలింది. అంతలో ఆయన ఆట ఆపేశారు. “మా బావగారు లేకుండా లోపలికి వెళ్ళను” అన్నారు. వెనక ఏముందో మాకిద్దరికీ తెలియదు. అసలు ప్రతి ఆయన సంచీలో ఉంది. రేపటి రైల్లో వస్తున్నారు. ఎల్లుండి మూడింటికి కుర్చీ వేసి ఉంచండి.

ఇట్లు,
మీ ఉప పరిశీలకుడు

తా.క.: కోటు సంగతి మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. పెళ్ళినాడే చూశారట. అమ్మాయి పెళ్ళి హడావిడిలో పొరబడి ఉంటారని, తెలిస్తే ఆ పట్టుదల మనిషి కత్తెర వదిలేస్తాడని, ఆరేళ్ళు చలి రాలేదని చెబుతూ పెట్టె అడుగున దాచారట. ఉద్యోగంలో ఒక్క తప్పూ వదలని మనిషి, మీ తప్పు ఒక్కటి మాత్రం వదిలేశారు. నా ఒట్టు తీసి గట్టున పెట్టి మీకు చెప్పేశాను. దయచేసి కత్తెర పారేయకండి.

రెండో తా.క.: కవరు అంటించేలోగా పై తా.క. ఆయన చదివేశారు. పంచ్ తీసి, కాగితం మూల ఒక చిల్లు పెట్టి ఇచ్చారు. మీకు ఆ చిల్లు కనిపిస్తూనే ఉండాలి. అంటే ఏమిటండీ అని అడిగాను. తనిఖీ అయింది, చెల్లుతుంది అన్నారు.