మార్కెట్ స్టాపు

బావమరిదీ,

మందుల షాపుకు వెళుతున్నాను. మీ అక్క ఆసుపత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. కనుక ఈ పూట నడవాలో బస్సు నడిపే మహత్తర బాధ్యత నీ భుజస్కంధాల మీద పడింది.

ఇన్నేళ్లుగా రోజూ ఎక్కే బస్సును లాక్‌డౌన్‌లో ఆపేశారని నీ మేనకోడలికి విన్నవించి చూశాం, ఆవిడ సమ్మతించలేదు. వేళకు బస్సు ఎక్కకపోతే తలుపు తీసుకుని వీధిలోకి పరుగెడుతుంది. కుర్చీలు వరసగా వేసి ఉంచాను. స్టాపుల పేర్లు ఒక్కటీ వదలకుండా కేక వెయ్యి. నిన్న నువ్వు మార్కెట్ స్టాపు మింగేశావు; పిల్ల సాయంత్రం దాకా చెవులు మూసుకుని కూర్చుంది. పైగా "అక్కడ ఎవరూ దిగరు కదా బావా!" అని నాకే పాఠం చెప్పావు.

పక్క కుర్చీలో సంచీ పెడుతుంది. దాన్ని కదపకు.

మరిచాను: రాత్రి భోజనాలకు ముందు బస్సు మళ్లీ తీశాను. మార్కెట్ స్టాపు అనగానే మన పిల్ల సంచీ ఒళ్లోకి తీసుకుని, తలుపు వైపు చూసింది. అక్కడ రోజూ ఎవరో ఎక్కేవారన్నమాట! ఇన్నేళ్లుగా తనకో నేస్తం ఉన్నట్టు మనకు తెలియనే తెలియదు. అడిగితే చెప్పదు కదా, ఎవరై ఉంటారంటావు?

ఆ స్టాపులో బస్సు కాసేపు ఎక్కువ ఆపు.