బండరేవుల వంక పాఠం

జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

ఎర్రగుంట్ల దగ్గర బండరేవుల గ్రామ కాపురస్తుడు, ఉద్యోగం నుంచి తొలగింపబడిన సోషల్ టీచర్ ఓబుళేశు సమర్పించుకొను అర్జీ.

విషయం: వాననీరు పోయే వంకను పూడ్చి ఒక మనిషి ప్రాణం తీసిన గని యజమానిపై కేసు కట్టుట, నా పాఠమును సాక్ష్యముగా స్వీకరించుట గురించి.

అయ్యా,

1. నేను మా ఊరి ప్రైవేటు హైస్కూలులో పనిచేసితిని. ఆ బడి కరెస్పాండెంట్ భూపేష్ గారు. ఊరి పైనున్న నాపరాయి గని కూడా వారిదే. గత వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతికి బడి చానెల్ ద్వారా ఫోన్లలో భూగోళ పాఠాలు చెప్పితిని. వాననీరు పారే తీరు చెప్పుటకు మా ఊరి పటమే తీసుకొంటిని. పాత ఉపగ్రహ చిత్రం మీద కొత్తది పరచి, నడుమనున్న గీతను వేలితో జరిపితే ఊరు ఎట్లు మారినదో కనబడునట్లు చేసి, వీడియో జతపరచితిని.

2. స్తుతి అనే విద్యార్థిని గీతను జరిపి చూసి, తరగతి అంతా వింటుండగా అడిగినది: "సార్, పాత పటంలో మా కాలనీ పక్కన వంక ఉండాది. కొత్తదాంట్లో లేదు. యాడికి పోయినాది?"

గని నుంచి తెచ్చి పారేసిన రాళ్ల దిబ్బ కింద ఉన్నదని చెప్పితిని.

"మరి వానొస్తే నీళ్లు ఎట్ల పోతాయి సార్?"

పటంలో నేల వాలు చూపితిని. అది నేరుగా వాళ్ల ఇండ్ల మీదికే ఉన్నది.

3. మరునాడు భూపేష్ గారు నన్ను పిలిపించిరి.

"ఏమప్పా సారూ, పిల్లోళ్లకు హిమాలయాలు చెప్పు, గంగానది చెప్పు. నా గనితో నీకేం పని? ఆ వీడియో తీసెయ్."

"వంక తవ్వించప్పా, ఈ పొద్దే తీసేస్తా" అంటిని.

ఆ సాయంత్రానికి బడి చానెల్లో పాఠమూ లేదు, బడిలో నేనూ లేను.

4. సెప్టెంబరు వానకు నీళ్లు పటంలో చూపిన దారినే వచ్చినవి. స్తుతి తండ్రి గాబ్రియేలు తన తల్లిని వీపున మోసుకొని మిట్టకు చేర్చి, మేకల కోసం వెనక్కి పోయినాడు. గోడ కూలి మీద పడింది. శవం దగ్గరికి పూలదండతో వచ్చి భూపేష్ గారు అన్న మాట తమరు వినవలెను: "దేవుడిచ్చిన వాన. ఎవురేం జేస్తారు?"

స్తుతి ఆ దండను లాగి బురదలో విసిరేసింది. గురువుగా ఆపవలసింది. ఆపలేదు. నా చేతిలో రాయి లేకపోవడం ఆయన అదృష్టం.

5. అయ్యా, ఆ రోజు నుంచి నాకు వేరే పని లేదు. పాఠాన్ని నా సొంత చానెల్లో మళ్లీ పెట్టాను. దిబ్బ, నీళ్లు వచ్చిన దారి, కూలిన గోడ, అన్నింటికీ పటం మీద గుర్తులు పెట్టాను. గుర్తును తాకితే అక్కడి వీడియో వస్తుంది. గోడ దగ్గరి వీడియోలో మాట్లాడింది స్తుతే. ఇప్పుడు లారీ డ్రైవర్లు, మంగంపేట గని కూలీలు కూడా చూస్తున్నారు. భూపేష్ గారు టీకొట్టు దగ్గర కారు దిగితే మాటలు ఆగిపోతున్నాయి. నాకు ఆ నిశ్శబ్దం చాలా ఇష్టంగా ఉంది.

6. పాఠం తీసేస్తే ఉద్యోగం తిరిగి ఇస్తానని కబురు పంపినాడు. ఆ ఉద్యోగం నాకు అక్కరలేదు. దిబ్బను అతని కళ్లెదుటే తీయించండి. విచారణనాడు పెద్ద తెర మీద పటం పెట్టించి, గీతను అతని వేలితోనే జరిపించండి. ఆ వేలు వణకడం నేను చూడాలి.

చిత్తగింతురని నమ్ముచున్నాను. తమ ఉత్తర్వు కోసం వాన మాత్రం ఆగదు.

తమకు తప్ప మరెవరికీ విధేయుడు కాని,
ఓబుళేశు

తా.క. అర్జీ మడుస్తుండగా భూపేష్ ఫోన్ చేసినాడు. కర్నూలులో చదివే అతని కూతురు పాఠం చూసిందట. ఇంటికి వచ్చి, తండ్రితో కూర్చుని అన్నం తినడం మానేసిందట.

"ఆ పటం తప్పని ఒక్క మాట చెప్పు సారూ. నీ కాళ్లు పట్టుకుంటా."

"పాపకియ్యప్పా ఫోను" అన్నాను.

ఇచ్చినాడు. "పాఠంలో తప్పేమీ లేదు తల్లీ" అన్నాను.

అవతల ముందు ఆ పిల్ల, తర్వాత తండ్రి ఏడవడం మొదలుపెట్టినారు. నేను ఫోన్ పెట్టెయ్యలేదు. చివరిదాకా విన్నాను.