బట్టలుతికిన బండ

సుభద్రా,

నువ్వు పోయి నేటికి ఏడాది. దొరలు వెళ్ళిపోయి పాతికేళ్ళు దాటినా, వాళ్ళు లండన్ తరలించుకుపోయిన అమరావతి శిల్పాలు తిరిగివ్వాలని నేను పత్రికలకు ఉత్తరాలు రాస్తూనే ఉండేవాణ్ణి. పెరట్లో బట్టలుతుకుతూ నువ్వు నవ్వేదానివి.

"దొరల సంగతి సరేనండీ. ఈ బండ అడుగునా పద్మాలున్నాయిగా. మీ తాతగారు ఆ అమరావతి నుంచే పడవలో తెచ్చిందేగా. ముందు ఇది ఇచ్చెయ్యండి."

నాకు ఒళ్ళు మండేది.

చివరికి నీ మాటే నెగ్గింది. నిన్న బండను మ్యూజియంకి ఇచ్చేశాను. తిరగేస్తే పద్మాలు చెక్కుచెదరలేదు. నువ్వు ఉతికిన వైపు మాత్రం నున్నగా అరిగి గుంటపడింది.

"ఈ అరిగిన వైపు గోడకు ఆనిస్తామండి, ఎవరికీ కనపడదు" అన్నాడు అక్కడి ఆఫీసరు.

దొరలతో నలభై ఏళ్ళు కాగితం మీద పోట్లాడినవాణ్ణి, అతనికి ఒక్క మాట ఎదురు చెప్పలేకపోయాను.