పగలని కళ్లద్దాలు

కృష్ణానగర్

అక్కా,

షటిల్ ఆటకని మా స్ఫూర్తికి నువ్వు పంపిన కళ్లద్దాలు చూసి నవ్వాను. సినిమా ఫైటర్‌ని, తల మీద సీసాలు పగిలినా లేచేవాణ్ణి. ఈకల షటిల్ ఏం చేస్తుందనుకున్నాను. సెట్ నుంచి అందమైన జత తెచ్చిచ్చాను. "అత్తమ్మ పంపినవే పెట్టుకుంట డాడీ" అంది.

నిన్న ఆటలో స్మాష్ నేరుగా దాని కంటి మీదికే వచ్చింది. నేను పరుగెత్తేలోపే అది కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ బ్యాట్ పట్టింది. అద్దానికి గీతైనా పడలేదక్కా!

ఇంటికొచ్చి, నేను తెచ్చిన జత మీదికి అదే షటిల్‌ని బలంగా కొట్టాను. పొడిపొడి అయ్యాయి. ఫైట్లలో పగలడానికే చేసిన డమ్మీలవి. తెలిసి కూడా ఆలోచించకుండా బిడ్డకిచ్చాను.

అప్పటినుంచి దాని కళ్లే చూస్తున్నాను. "ఏంది డాడీ, గట్ల చూస్తున్నవ్?" అని నవ్వింది. రెండు కళ్లతోనూ నవ్వింది.

నీ తమ్ముడు