దొర పడవ, అంకుల్ సోఫా

గురువారం, క్లెమెంటి, సింగపూర్, 2000

వెబ్‌సైట్‌లో నేను రాసిన కౌలు రైతుల పేజీని మేనేజర్ ప్రసాద్ నాకు చెప్పకుండా పీకేశాడు. అతన్ని సార్ అంటే దూరంగా ఉంటుందట, అంకుల్ అనాలట.

ఐస్‌లాండ్‌లో ఒక పాత దొర లోగిలి ఇప్పుడు హోటల్ అవుతోంది. దాని చరిత్రను వెబ్‌సైట్‌గా చేసే పని మా కంపెనీకి వచ్చింది. హోటల్ వాళ్లు పంపిన పుస్తకం చదివి రాసింది నేను. అక్కడి కౌలు రైతులు దొరకి వెన్న కౌలుగా కొలిచేవారు. చేపల కాలం వస్తే సొంత పని మానుకుని దొర పడవల్లో తెడ్డు వేసేవారు. మన దగ్గర దాన్ని వెట్టి అంటాం.

పేజీ ఎందుకు తీశారని ప్రసాద్‌ని అడిగితే నవ్వాడు. "కస్టమర్‌కి చరిత్ర కావాలిరా, ఏడుపు కాదు. దొర బొమ్మ పెద్దది చెయ్."

దొర రైతుల్ని బిడ్డల్లా చూసుకున్నాడని ఒక వాక్యం కూడా తనే అతికించాడు. ఆ పుస్తకం అట్ట కూడా తెరవలేదు. ఇంజనీరింగ్ చదివినవాడికి ఊహ చాలు కాబోలు.

ఆ నోటితోనే అందరికీ చెప్పాడు. "ఆదివారం పుంగ్గోల్‌లో మా కొత్త ఫ్లాట్‌కి సామాన్లు మార్చాలి, వచ్చెయ్యండి. మనమంతా ఒక ఫ్యామిలీ. ఆంటీ బిర్యానీ చేస్తుంది."

అందరూ తలూపారు. నేనూ ఊపాను, అదే మండుతోంది. ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే నా వర్క్ పాస్ రెన్యువల్ అతని సంతకం మీదే ఉంది. కాదంటే ఊరికి పంపేస్తాడేమో...

పంపనీ. రేపు పొద్దున్నే అతని టేబుల్ ముందు నిలబడి అంటాను: అంకుల్, శనివారం సాయంత్రంలోగా ఆ పేజీ తిరిగి పెట్టండి. లేదంటే ఆదివారం మీ సోఫా మీరే మోసుకోండి.