‘చూశాను, చర్య అనవసరం’ అన్న కాగితం గురించి

మైలపల్లి గురువమ్మ అనే నేను, కీర్తిశేషులు మేజర్ నీలకంఠం గారి భార్యను, డెబ్బై తొమ్మిదేళ్లదానిని, బరంపురం గోసాని నువాగాంలో ఉంటున్నదానిని, హైస్కూల్లో ముప్పై నాలుగేళ్లు చరిత్ర చెప్పి రిటైరైనదానిని, ఎవరూ భయపెట్టకుండా, ఎవరూ బతిమాలకుండా, పూర్తి తెలివితో రాసి ఇస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు జతపరిచాను. ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు మూడు, నేను ఆయన్ని అడిగినవి పదకొండు. ఇంతకుముందు రాసిన వీలునామా దీనితో రద్దు. అది నీరసంగా ఉన్నప్పుడు రాసింది. ఇప్పుడు నాలుగు రోజులుగా నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కారణం మూడో క్లాజులో ఉంది.

1. నేనుంటున్న ఇల్లు, పెరటి వైపు రెండు గదులు మినహా, నా కొడుకు బాబూరావుకు చెందవలెను. పైకప్పు కారుతుంది. పదేళ్లుగా చెబుతున్నాను. ఇక వాడి నెత్తిమీదే కారుతుంది.

2. నా పుస్తకాల బీరువా, గాజులు కోడలు వాణికి. ఈ ఇంట్లో నేను చెప్పింది పూర్తిగా విని, ఆ తర్వాత కాదనే మనిషి తనొక్కతే.

3. మా వారి ట్రంకుపెట్టెలో, ఉన్ని కోటు మడతలో దొరికిన కాగితం గురించి.

1994లో మా వారు ఒక కొండ ప్రాంతంలో కంపెనీ కమాండరు. ఆయన జవాన్లు కట్టెలకు వెళ్లిన నలుగురిని వాగు దగ్గర కాల్చి చంపి, తిరుగుబాటుదారులని చూపడానికి శవాల పక్కన తుపాకులు పెట్టారు. జైలుకు వెళ్లింది ఇద్దరు జవాన్లు. అందులో ఒకడు హుమ్మ ఊరి కుర్రాడు ప్రమోద. మన గంజాం జిల్లా వాడని మా వారే అడిగి తన కంపెనీలోకి తెప్పించుకున్నారు. మా వారు మాత్రం ఆ రోజు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. ఆ దూరమే ఆయన్ని కాపాడింది.

ఆ కాగితం అంతకు నెల ముందు ఆ కొండ ఊరి పెద్ద ఆయనకు రాసిన ఫిర్యాదు. మీ వాళ్లు మమ్మల్ని కొడుతున్నారు, చంపుతామంటున్నారు, ఆపండి అని. పక్కన మా వారి చేతిరాత, పొడి సంతకం, తేదీ: ‘చూశాను, చర్య అనవసరం.’

ఆ నలుగురి ఇళ్లవాళ్లు ముప్పై ఏళ్లు తిరిగి తిరిగి, ఇప్పటికి విచారణ సంఘం వేయించుకున్నారు. సోమవారం పేపర్లో ప్రకటన చూశాను. ఆధారాలు ఉన్నవారు ఈ నెల ముప్పయ్యో తేదీలోగా పంపాలి. ఆ పేపరు పట్టుకుని ఇల్లంతా మూడుసార్లు తిరిగాను.

బాబూరావు వాదన: “ఎవుడి తప్పు ఆడిదే కదమ్మా. అలగైతే ఏ ఆఫీసరైనా ఉజ్జోగం సెయ్యగలడేటి?” మరి ఆ ముందటేడు శిఖరం గెలిచినందుకు పతకం ఇచ్చినప్పుడు, ఎక్కింది మా జవాన్లు, నేను కింద ఉన్నాను అని మీ నాన్న దాన్ని వెనక్కి ఇవ్వలేదే.

మనవడు ఉదయ్ కెప్టెను. వచ్చే నెల వాడి చేతికీ ఒక కంపెనీ వస్తుంది. వాడు అన్నాడు: “తాతయ్య ఆ రోజు అక్కడున్నాడేటి మామ్మా? ఆయన పరువు, నా ఉజ్జోగం రెండూ పోతాయి. ఆ కాయితం కాల్చీ.”

ఉదయ్, రాసి ఉంచుతున్నాను, చదువుకో. మా జాలరిపేటలో ఒక పడవవాళ్లు ఇంకొకరి వల కోస్తే, కోసినవాళ్లకు కులపెద్దలు శిక్ష వేసేవారు. అది చాలదు. పడవ పెద్ద పట్టపగలు ఒడ్డున అందరి ముందూ కూర్చుని, తెగిన వలను తన చేత్తో అల్లి ఇవ్వాలి. ఒకసారి మా నాన్న సూరన్న జ్వరంతో ఇంట్లో ఉండగా ఆయన మనుషులు వల కోశారు. నువ్వు పడవలో లేవు కదా అని పెద్దలే దారి చూపించారు. “సుక్కాని నాదే. ఆల్ల తాగుడు నాకు ముందే తెలుసు, ఆపనేదు. సూది ఇటివ్వండి” అన్నాడు నాన్న. మూడు రోజులు ఒడ్డున కూర్చుని వల అల్లాడు. మీ తాతయ్య అప్పుడు పక్కనే కూర్చుని దారం అందించిన పిల్లవాడు. అందుకే నాకు కోపం. ఆయనకు తెలియని సంగతి కాదు.

తెలియక జరిగితే ఏ కమాండరునూ నేను వేలెత్తి చూపను. తెలిసి ఆపకపోతే, జరిగాక కప్పిపుచ్చితే, అది అతని నేరం. ప్రమోద నేరం ప్రమోదకు ఉంది. అందులోంచి తీసి ఇవ్వమనడం లేదు. మా వారిది మా వారికి రాయమంటున్నాను.

ఆయన ఆ కాగితాన్ని కాల్చగలిగి కూడా కాల్చలేదు. ఇరవై ఏళ్లు దాచి పోయారు. ఆయన మీద నా ప్రేమ చావకపోవడానికి అదొక్కటే కారణం.

4. పెరటి గదులు రెండూ, వీధి తలుపుతో సహా, ప్రమోద భార్య రమాదేవికి. మొగుడు జైల్లో ఉండగా ఉప్పు మళ్లలో కాళ్లు పుళ్లు పడేలా పనిచేసింది. మా గుమ్మానికి వచ్చిన ఒకే ఒక్కసారి నేను తలుపు తీయలేదు. ఇది దయ కాదు, ఆ తలుపు.

5. మా నాన్న వల అల్లిన వెదురు సూది ఉదయ్‌కి. మా వారి పతకం ఎవరికీ ఇవ్వడం లేదు, నాతో కాల్చండి.

6. నా తదనంతరం పై కాగితాన్ని ఉదయ్ స్వయంగా విచారణ సంఘానికి అందజేయవలెను.

7. ఆరో క్లాజు కొట్టివేయడమైనది. రాసి సిరా ఆరకముందే బుర్ర పనిచేసింది: సంఘానికి గడువు ముప్పయ్యో తేదీ, నా చావుకు అలాంటి గడువేదీ లేదు! కవరు తీసుకుని చెప్పులు వేసుకుంటుంటే ఉదయ్ గుమ్మంలో నిలబడ్డాడు. కవరులోని కాగితం అడిగి తీసుకున్నాడు. అగ్గిపెట్టె కోసం చూస్తాడనుకున్నాను. రెండుసార్లు చదివాడు. “బేగి రా మామ్మా, పోస్టాఫీసు మూసెత్తారు” అని స్కూటరు తీశాడు. ఈ వయసులో అంత వేగంగా ఎప్పుడూ వెళ్లలేదు, గాజులు రెండు చిట్లాయి, వాణి క్షమించాలి.

రిజిస్టరు పోస్టు రసీదు దీనికి జతపరిచాను. కవరు మీద పంపినవారి పేరు నాది కాదు. వాడే నా చేతిలోంచి పెన్ను లాక్కుని రాశాడు: కెప్టెన్ ఉదయ్, మేజర్ నీలకంఠం మనవడు.

21 నవంబరు 2025, బరంపురం
(సం) మైలపల్లి గురువమ్మ

మా ఎదుట ఆమె స్వయంగా సంతకం చేసినారు:
1. వెంకటరమణమూర్తి, వకీలు, హల్దియాపదర్
2. కాసమ్మ, రిటైర్డు నర్సు, గోసాని నువాగాం