పుట్టిన తేదీ గడిలో

అక్కకి,

నీ చెల్లెలు నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నేను, నీ కూతురు క్షేమం. నువ్వూ, లారీ మీద ఏ దారిలో ఉన్నాడో గానీ బావా క్షేమమేనని తలుస్తాను. నీకు ఉత్తరాలు చదివిపెట్టే మీ గదిలోని అమ్మాయికి కూడా నా నమస్కారం. చెల్లీ, ఈసారి ఉత్తరం పొడుగు, కాస్త నిదానంగా చదువమ్మా. మధ్యలో అక్క లేచి వెళ్ళిపోతే ఆగు. తిరిగొచ్చాకే మిగతాది చదువు.

మన గుప్పెడుకి మొన్నటితో ఏడాదిన్నర నిండింది. కిలో బరువుతో పుట్టినప్పుడు అమ్మ పెట్టిన ఆ పేరు ఇప్పుడు దానికి అతకదు. కాసేపు ఎత్తుకుంటే చెయ్యి లాగుతోంది. పైన నాలుగు పళ్ళు, కింద రెండు. నా కళ్ళజోడు కనిపిస్తే చాలు, లాక్కుని నోట్లో పెట్టుకుంటుంది. "పిన్ని చదువంతా నమిలేస్తోంది, ఇక దాన్ని బడికి పంపక్కర్లేదు" అంటుంది అమ్మ.

"అమ్మా" అంటోందా అని అడిగావు. ఇంకా అనడం లేదక్కా. "మ్మ" అని ఒక శబ్దం చేస్తుంది గానీ గిన్నెను చూసినా, పిల్లిని చూసినా అదే. ఫోనులో నీ గొంతు వినిపిస్తే మాత్రం ఆడుతున్నదల్లా ఆగి వింటుంది. నీ మనసు కుదుటపడాలని రాసిన మాట కాదిది, కావాలంటే అమ్మని అడుగు.

నిలబడ్డ ఫొటో పంపమని రెండుసార్లు రాయించావు. రెండుసార్లూ నేను మాట మార్చాను. అది నిలబడటం లేదు. చంకల కింద పట్టుకుని నిలబెడితే మడమలు నేలకి ఆనించదు, కాలివేళ్ళ మీదే బిగుసుకుపోతుంది. కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదికొకటి వస్తాయి.

అందుకే పోయిన బుధవారం ఆసుపత్రికి వెళ్ళాం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం రెండో అంతస్తులో ఒక గది ఉంది. నేలంతా మెత్తటి చాప, చుట్టూ గోడకి ఆనుకుని తల్లులు. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కూడా చెప్పులు విప్పి చాప మీదే కూర్చుని గుప్పెడుతో అరగంట ఆడింది. తర్వాత చెప్పింది. ముందుగా పుట్టడం వల్ల మెదడులో ఒక చిన్న భాగం దెబ్బతిందట, అక్కణ్ణించి కాళ్ళకి కబురు సరిగా అందడం లేదట. మాటలు ఆలస్యం కావడమూ అందువల్లే కావచ్చట. చెవులు పరీక్ష చేశారు, బాగానే ఉన్నాయి. ఇది మందుతో పోయేది కాదు, అలాగని మెదడుకి తగిలిన దెబ్బ పెరిగేదీ కాదు. వ్యాయామాలు చేయిస్తూ ఉంటే చాలా నేర్చుకుంటుందట.

"నడుస్తుందా?" అని అమ్మ అడిగింది.

"నడవొచ్చు. ఏదైనా పట్టుకుని నడుస్తుందా, తనంతట తనే నడుస్తుందా అనేది ఇప్పుడే చెప్పలేనమ్మా" అంది. ఆవిడ అన్నది అన్నట్టే రాశాను.

ఆరో నెలలో కూడా కుట్టుమిషను ముందు కూర్చున్నందుకే కాన్పు ముందొచ్చిందా అని అప్పట్లో అడిగావు కదా, అదీ అడిగాను. "కాన్పు ముందే ఎందుకొస్తుందో చాలాసార్లు మాకే తెలీదు. మీ అక్కని మిషను మీద నేరం మోపొద్దని చెప్పు, తన మీద అసలే వద్దని చెప్పు" అంది. కాబట్టి అంతా మిషను వల్లేనని మన ఎదురింటావిడ అన్నది పట్టుకుని ఏడవకు. ఆవిడకి వీధిలో అందరి కడుపుల సంగతీ కావాలి.

నేరం ఒకటుందక్కా. అది నాది. పోయిన ఆదివారం ఫోనులో మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వాన గురించి మాట్లాడాను.

నెలలు నిండని పిల్లల ఎదుగుదలని పుట్టిన రోజు నుంచి కాకుండా, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కగడతారు. గుప్పెడు మూడు నెలలు ముందొచ్చింది కాబట్టి వయసులోంచి మూడు నెలలు తీసేస్తారు. పుట్టిన ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో చదివి ఇది నేర్చుకున్నాను, నేర్చుకున్నందుకు మురిసిపోయాను కూడా. ఏడాది నిండాక ఈ కొత్త ఆసుపత్రికి మొదటిసారి వెళ్ళినప్పుడు నర్సు దరఖాస్తు ఇచ్చి, "మీలో రాయడం ఎవరికొచ్చు?" అంది. అమ్మ గర్వంగా నావైపు చూపించింది. పుట్టిన తేదీ గడిలో నేను పుట్టాల్సిన తేదీ రాశాను. అదే సరైన లెక్కనుకున్నాను. పక్కన నర్సు ఉన్నా అడగలేదు. ఆ తేదీ నుంచి లెక్కపెట్టి, తన పద్ధతి ప్రకారం ఆవిడ మళ్ళీ మూడు నెలలు తీసేసింది. ఏడాది పిల్ల వాళ్ళ పుస్తకంలో ఆరు నెలల పిల్ల అయిపోయింది. ఆరు నెలల పిల్ల కూర్చోలేదని ఎవరు కంగారుపడతారు? వయసుకి తగ్గట్టే ఉంది, మళ్ళీ ఆరు నెలలకి రమ్మన్నారు.

అమ్మ అప్పుడే కనిపెట్టింది. నీళ్ళు పోస్తూ, "ఏమే, దీని కాళ్ళు విడదియ్యాలంటే బలం పెట్టాల్సొస్తోంది. మీ ఇద్దరిలో ఎవరికీ ఇలా లేదే" అంది. లెక్క ప్రకారం బాగానే ఉందన్నాను. ఇంకోసారి అంది. "వేలిముద్ర వేసేదానివి, డాక్టర్ల కంటే నీకెక్కువ తెలుసా?" అన్నాను. అవును, అమ్మతో ఆ మాట అన్నాను. మళ్ళీ అమ్మ ఆ ఊసెత్తలేదు.

బుధవారం డాక్టరమ్మ పుట్టిన ఆసుపత్రి కాగితాన్నీ నా దరఖాస్తునీ పక్కపక్కన పెట్టి, "పాపకి రెండు పుట్టినరోజులున్నాయేంటి?" అంది. జరిగింది చెప్పాను. ఈ ఆరు నెలలూ వ్యాయామాలు చేయించి ఉంటే తేడా ఉండేదా అని అడిగాను. "కొంత ఉండేది. ఎంతో చెప్పలేను. సరిచూసుకోని తప్పు మాదీ ఉంది" అంది. ఆవిడ పెద్దమనసుతో అన్న మాట చాటున నేను దాక్కోదలచుకోలేదు.

తిరుగు బస్సులో అమ్మని క్షమించమన్నాను. పిల్లని ఒళ్ళో సర్దుకుని, "చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదే" అంది. రెండు స్టాపులు దాటాక, "ఆ వ్యాయామాలు రాసిచ్చారుగా, చదువు. ఎలా పట్టుకోవాలో నా చేతికి చెప్పు" అంది. ఆ రోజు నుంచి నేను చదువుతున్నాను, అమ్మ చేయిస్తోంది. ఏమైనా తేడాగా తోస్తే అమ్మ చెబుతుంది, నేను రాసుకుంటున్నాను.

నువ్వు పనిచేసే ఊళ్ళోనూ ఇలాంటి గది ఉన్న ఆసుపత్రి ఉందట. చిరునామా వెనక రాశాను. పిల్లని నీ దగ్గరికి పంపమంటే నేనే తీసుకొచ్చి, కాగితాలన్నీ ఆ డాక్టర్ చేతిలో పెట్టి వస్తాను. నీ జవాబు ఉత్తరంలో రాయించకు, ఆదివారం నీ నోటితోనే చెప్పు. ఇక్కడే ఉంచమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
నీ చెల్లెలు, గుప్పెడు పిన్ని